పడవలో చివరి చోటు

"మేం ఆడం!" అంది పొట్టి. అట్టతో చేసిన తుపాకీని బెంచీ మీద పడేసింది.

మిగతా ముగ్గురు సైనికులూ తమ తుపాకులు దాని పక్కన పెట్టేశారు.

మధ్యాహ్నం స్కూలు హాల్లో రిహార్సల్ జరుగుతోంది. నాటకం రేపే.

మైకు నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ అమ్మాయి మాట్లాడితే గ్రౌండ్ అవతలికి కూడా వినిపిస్తుంది. అందుకే ఆ పేరు. ఆ గొంతు చూసే టీచర్ దళపతి వేషం ఇచ్చారు, రిహార్సల్ నడిపించే పనీ అప్పగించారు. పరాయి పాలకుల మీద తిరగబడి దేశానికి స్వాతంత్ర్యం తెచ్చిన నాయకుడే దళపతి. హాల్లో గోడ మీద ఉన్న పటం ఆయనదే.

"ఎందుకు ఆడరు?"

"నిలబడు, జరుగు, నోర్ముయ్! ఇవి తప్ప నీ నోట ఇంకో మాట లేదు," అన్నాడు కళ్ళజోడు. "మా డైలాగులు కూడా నువ్వే లాగేసుకున్నావ్. మేమేమన్నా కుర్చీలమా?"

"సైనికులు దళపతి మాట వినాలి!"

"నాటకం స్వాతంత్ర్యం గురించే కదా? మాకూ అదే కావాలి," అంది పొట్టి.

అందరూ గొల్లున నవ్వారు, మైకు తప్ప. నలుగురూ వెళ్ళిపోయారు.

సంగతి టీచర్‌కి తెలిసింది. "రేపు పొద్దున్నకల్లా మీలో మీరు సర్దుకోండి. లేదంటే నాటకం తీసేసి పాట పెడతాను," అన్నారు.

ఇంట్లో అమ్మ దళపతి కోటుకి గుండీలు కుడుతోంది. మైకు ముఖం వేలాడేసుకుని జరిగిందంతా చెప్పింది. అమ్మ నాటకం కాగితాలు తీసి చూసింది.

"ఈ పడవ సీను కొట్టేశావెందుకే?"

"అందులో దళపతికి ఒక్క డైలాగూ లేదమ్మా. ఊరికే ఒడ్డున నిలబడతాడు."

"మరి నది ఎలా దాటారు?"

"దాటేశారంతే."

"ఈదుకుంటూనా? ఈ కోటు తడిస్తే ఊరుకోను, ఇప్పుడే ఇస్త్రీ చేశాను!"

మైకు నవ్వేసింది. "ఏదీ, చదువు," అంది అమ్మ.

కొట్టేసిన వాక్యాల్ని మైకు కూడబలుక్కుని చదివింది. వెనక శత్రువులు తరుముకొస్తున్నారు. ఉన్నది ఒకే పడవ. దళపతి తాడు పట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. ముందు దెబ్బలు తగిలినవాళ్ళు ఎక్కారు, తర్వాత మిగతావాళ్ళు. చివరికి ఆయన.

అమ్మ దారం పళ్ళతో తెంపింది.

"చిన్నప్పుడు మాకూ ఆయన పాఠం ఉండేది. ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవు. ఈ పడవ మాత్రం గుర్తుంది."

మైకు కాగితం తన ముందుకు లాక్కుంది. తను కొట్టేసిన గీతలు చెరపడానికి రబ్బరు కోసం వెతికింది.

మర్నాడు స్కూలు గేటు దగ్గర నలుగురూ కనిపించారు. మైకు ఏదో గొణిగింది.

"ఏంటీ, మైకు పాడైందా?" అన్నాడు కళ్ళజోడు.

"నిన్న నేను అతి చేశాను. మీ డైలాగులు మీవే. పడవ సీను మళ్ళీ పెడదాం. దాంట్లో నేనసలు మాట్లాడను."

"అసలు?"

"అసలు."

పొట్టి ఆమెను కిందినుంచి మీదికి చూసింది. "నమ్మలేం కానీ, తుపాకులెక్కడ పెట్టావ్?"

మైకు తుపాకులు తేవడానికి పరుగెత్తింది.

నాటకంలో పడవ సీను వచ్చింది. స్టేజీ మీద బెంచీయే పడవ. దాని ముందు నీలం రంగు వేసిన అట్ట. మైకు స్కిప్పింగ్ తాడు పట్టుకుని ఒడ్డున నిలబడింది. తలకి కట్టు కట్టుకున్న కళ్ళజోడు ముందు ఎక్కాడు. తర్వాత పొట్టి. తర్వాత మిగతా ఇద్దరు. బెంచీ నిండిపోయింది!

పొద్దున కంగారుగా చేసిన రిహార్సల్లో ఎవరూ ఇది చూసుకోలేదు. హాల్లో అందరూ చూస్తున్నారు. "జరగండి!" అన్న మాట మైకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తాడు గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది.

"జరగండర్రా!" కాగితంలో లేని డైలాగు పొట్టి నోటినుంచి వచ్చింది. "మన దళపతి ఇంకా ఒడ్డునే ఉంది!"

నలుగురూ ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటూ సర్దుకున్నారు. నాలుగు చేతులు ముందుకు సాగాయి. ఆ దొరికిన జానెడు చోటులో మైకు కూర్చుంది. అప్పుడు ఊపిరి వదిలింది.

పడవ కదిలింది.