గోధుమ గది

టైలర్ దరియావలిని నేను క్షమించను. పదిమంది తింటా ఉండగా నా పరోటా అంగట్లో నిలబడి, "పిండి కొట్టుకునేవాడికి నా కూతుర్నిస్తానా?" అన్నాడు. ఆ మాట అనేముందు నా దగ్గరే రెండు పరోటాలు తిన్నాడు. సాల్నా పులుసు రెండోసారి పోయించుకున్నాడు కూడా.

ఆ పిండి కొట్టేవాడు నా మేనల్లుడు తౌసిఫ్. మా అక్క పోయినాక నేనే పెంచినా. ఇందుకూరుపేట మీదగా మైపాడు పోయేవాళ్ళలో వాడి చేతి పరోటా తినకుండా సముద్రం చూసినవాళ్ళు తక్కువ.

మా అంగడి ఎదురుగా మేడమీద ఒక లాబ్ ఉంది. కొంతమందికి గోధుమ పడదు. ఒక్క రవ్వ పోయినా పేగులు చెడతాయంట. వాళ్ళకోసం చేసే బియ్యం మురుకుల్లో, రాగి బిస్కెట్లలో ఎక్కడన్నా గోధుమ కలిసిందా అని అక్కడ చూస్తారు. దరియావలి కూతురు మెహక్‌కి అందులోనే ఉద్యోగం.

వాళ్ళిద్దర్నీ వాన కలిపింది. వాళ్ళ నాయన ఇస్త్రీ చేసిచ్చిన తెల్లకోట్లు గుండెకి హత్తుకోని, ఆ పిల్ల మా అంగడి టార్పాలిన్ పట్టా కిందకి పరిగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే తౌసిఫ్ బల్లమీద పిండి చల్లినాడు. గాలి కొట్టింది. కోట్ల మీదంతా తెల్లటి పొగ.

"అయ్యో! అన్నీ పోయినాయి!"

"దులిపితే పోద్ది మేడమ్. మైదానే గదా, విషమా?"

"నీకు పోద్ది. మా మిషన్‌కి పోదు. గాల్లో ఉండే గోధుమని కూడా పట్టేస్తది."

"నన్ను కూడా పట్టేస్తదా?"

నవ్వకూడదని పెదవి కొరుక్కోని ఆ పిల్ల పక్కకి తిరిగింది. చూరు నీళ్ళు సన్నటి తెరలాగా జారతా ఉన్నాయి. తౌసిఫ్ చేతిలో పిండి ముద్ద అట్టాగే ఉండిపోయింది. పెనం కాలిపోతా ఉంటే నేనే దించినా.

మర్నాటినుంచి లాబ్‌కి టీ మా అంగడినుంచే పోయింది. ఎవరు అడిగినారో నాకు తెలియదు.

మేడమీద రెండు గదులంట. గోధుమ గది ఒకటి, గోధుమ రేణువు కూడా పోకూడని మంచిగది ఇంకొకటి. వాడు టీ తీసుకోని పోయేసరికి మెహక్ గోధుమ గదిలో కొళాయి కింద పిండి ముద్దని పిసుకుతా ఉంది.

"మీరు కూడా పరోటా అంగడి పెట్టినారా?"

"నీళ్ళు తేటపడేదాకా కడగాల. గంజంతా పోయి ఈ సాగే బంక మిగులుద్ది. దీన్ని స్పిరిట్‌లో నానబెడితే అందులోకి దిగేదే మాకు కావాల. దాన్ని ఆరబెట్టి తూచి పెట్టుకుంటాం."

"ఎందుకు?"

"మీకు తూకానికి రాయి ఉంటది గదా? మా మిషన్‌కి ఇది రాయి. ఇంత గోధుమకి ఇంత రంగు అని దీంతోనే నేర్పిస్తాం."

"గోధుమ లేదని చెప్పాలన్నా ముందు గోధుమ ఏందో తెలియాలన్నమాట."

"అంతే."

"నాకు కూడా ఎవరన్నా నేర్పితే బాగుండు."

"ఏం నేర్పాల?"

"ఏం మాట్లాడితే మీకు కోపం రాదో."

ఆ పిల్ల తల ఎత్తలేదంట. కానీ వేళ్ళ మధ్య ఆ బంక సాగి సాగి పల్చటి పొరయింది. కిటికీలో ఎండ దాంట్లోనుంచి తేనెరంగులో దిగి ఆ పిల్ల మణికట్టు మీద పడింది. ఇవన్నీ వాడు నాకు చెప్పినాడు, పరోటా మాడతా ఉన్నా పట్టించుకోకుండా.

ఈ టీ సంగతి తెలిసే దరియావలి వచ్చి ఆ మాట అన్నది. అదే వారంలో మెహక్ మెట్లమీద వాడికి ఎదురుపడి, "నువ్వింక రావద్దు" అని చెప్పి గబగబా దిగిపోయింది.

"వాళ్ళ అబ్బా మాటే ఆమె మాట మామూ" అన్నాడు వాడు. అంతే. వాడి చేతిలో పరోటా పొరలు విడవడం మానేసినాయి.

"కాలేషన్నా, ఇది పరోటానా, నా ఆటో టైరా?" అన్నాడు రోజూ తినిపోయే మాల్యాద్రి.

మళ్ళీ వాన వచ్చిన సాయంత్రం మెహక్ రోడ్డు అవతల గొడుగు పట్టుకోని నిలబడింది. ఇవతలకి రాలేదు.

"తౌసిఫ్! రావడం మానేసినావేంది?"

"నువ్వే గదా రావద్దన్నావు!"

"నిన్ను రావద్దన్లా! నీ పిండిని రావద్దన్నా!"

మాల్యాద్రి ఆటో ఇంజన్ ఆపేసినాడు, బాగా వినపడాలని.

"ఉత్త నీళ్ళు పెట్టినా గోధుమ ఉందంటా ఉంది మిషన్! వెతికితే మంచిగది తలుపు గడియ మీద నీ వేలిముద్ర, తెల్లగా! రేపు మా లాబ్ సార్ ముందర మళ్ళీ పెట్టాల. రేపు కూడా గోధుమ వస్తే నా ఉద్యోగం పోద్ది!"

"అయితే నేను ఆ పక్కకే రాను!"

"రా! నువ్వు రాకుండా సున్నా వస్తే ఏం లాభం? నువ్వు తలుపు దగ్గరుండి కూడా సున్నా రావాల. అప్పుడే నీ గురించి మా అబ్బాతో మాట్లాడగలను!"

తెల్లారకముందే వాడు మైపాడు పోయినాడు. గుండు చేయించుకున్నాడు. సముద్రంలో మునిగి, ఒడ్డునే కొత్తబట్టలు కట్టుకోని, అంగడి వైపు చూడకుండా మేడ ఎక్కినాడు.

"తిరపతికి ఎప్పుడు పోయినావు సాయిబూ?" అని మాల్యాద్రి అరిచినా ఆగలేదు.

నేను మెట్ల కిందే ఆగినా. నా ఒంటినిండా పిండే గదా. పక్కన దరియావలి. కూతురి ఉద్యోగం ఏమవుద్దో అని వచ్చినాడు. పైన వాడు మంచిగది తలుపుకి ఆనుకోని కూర్చున్నాడు. సముద్రపు గాలి మెల్లగా వస్తా ఉంది, ఎంత సేపటికీ ఎవరూ దిగలేదు.

ఆఖరికి మెహక్ పిట్టగోడ మీదనుంచి వంగింది.

"ఏమీ రాలేదు!"

ఏమీ రాలేదని అంత మురిసిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. వెనకాల వాడి గుండు ఎండలో మెరిసింది.

దరియావలి గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజుకి సరే. నికా అయినాక? ఒకే ఇల్లు, ఒకే దండెం మీద బట్టలు. దినామూ గుండు కొట్టిస్తావా?"

అతను అన్నది నిజమే. అది ఇంకా మంట.

"పరోటా మానేస్తా మామా" అన్నాడు తౌసిఫ్ దరియావలితో, మెట్లు దిగతా. "కారం దోసె పోస్తా. బియ్యం, మినుములు. గోధుమ వాసన కూడా ఉండదు."

"ఎవరు మానమన్నారు నిన్ను?" అంది మెహక్. కళ్ళలో నీళ్ళు.

"ఎవరూ అన్లా. నాకే నీ పక్కన కూర్చోవాలనుంది, తలుపు అవతల కాదు."

"పోస్తావు సరే, యాడ? ఆ అంగట్లో గోడలకి కూడా మైదానే" అన్నాడు దరియావలి. అని నా వైపు చూసినాడు. నాకొక ఖాళీ జాగా ఉందని ఊరందరికీ తెలుసు, ముసలితనంలో ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్నది.

తౌసిఫ్ నన్ను అడగలేదు. అడిగుంటే తిట్టి పంపేవాణ్ణి. తల వంచుకోని ఊరికే నిలబడ్డాడు, గుండు మీద సముద్రపు ఇసక అంటుకోని. మా అక్క కూడా ఏమన్నా కావాలంటే అట్టాగే నిలబడేది.

రిజిస్ట్రాఫీసులో ఆ జాగా వాడి పేరున రాసి సంతకం పెట్టినా. నికా నాడు బిస్మిల్లా అని వాళ్ళిద్దరి తలల మీద చెయ్యి పెట్టినా. ఇప్పుడు ఆ దోసెల వాసన వానలో మా అంగడిదాకా వస్తది. నా బేరాలు కొన్ని అటు పోతాయి.

మెయిన్‌రోడ్డుకి ఆనుకోని, తూర్పు మొహం, బోరుతో సహా నాలుగుంపావు సెంట్లు.