ఇరవై రెండు మీటర్ల జెండా

తాళం!

మళ్లీ తాళమే!

స్రేటెన్ ఇనుప గేటుని ఈడ్చి తంతాడు. తుప్పు రాలుతుంది. గేటు కదలదు.

స్టేడియం స్టాండు కింద చీకటి సందు. నెత్తిమీద తొమ్మిది వేలమంది గెంతుతున్నారు. ప్రతి గెంతుకీ ముసలి కాంక్రీటు పొడిపొడిగా అతని బట్టతల మీద రాలుతోంది.

అవతలి స్టాండుకి దారి వెతుకుతుంటే ఇది మూడో గేటు. పైన ఫుట్‌బాల్ ఆట అరవై ఒకటో నిమిషంలో ఉంది.

తప్పు తనదే! హాఫ్‌టైంలో మరుగుదొడ్డి నిండా మడమలోతు నీళ్లు. కింద పెడితే గుడ్డ తడుస్తుందని సంచీని మేకుకి తగిలించాడు. ముప్ఫై ఏళ్ల బట్టలకొట్టు బుద్ధి! వెనక్కి తిరిగేసరికి మేకుంది... సంచీ లేదు!

సంచీలో తమ అభిమానుల గుంపు ‘పడవలవాళ్ల’ జెండా. గుడ్డ తన కొట్టుది, కుట్టు తన భార్య దెసాంకాది. ఇరవై రెండు మీటర్లు.

ప్రత్యర్థులు ‘కొలిమివాళ్లు’ అవతలి స్టాండులో దాన్ని తలకిందులుగా ఎత్తారంటే... పడవల అభిమానుల గుంపు ఇవాళ్టితో రద్దు! పాట బంద్. పేరు బంద్. ఎక్కడా రాసిలేదు. కానీ ఈ దేశంలో ఆ కట్టు తప్పిన గుంపు లేదు.

ఫోన్! దెసాంకా.

“దొరికిందా?”

“గేట్లు దొరుకుతున్నాయి!”

“నీ చేతికిస్తే ఇంతే. పెళ్లినాడు ఉంగరం కూడా...”

“పెట్టెయ్యవే తల్లీ!”

గేటు పక్కన ముసలి కాపలాదారు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

“తాళంచెవి ఏది బాబాయ్?”

“బోగ్దాన్ దగ్గరుంది.”

“బోగ్దాన్ ఎక్కడ?”

“రిటైరయ్యాడు. కొత్త వంతెన కట్టిన ఏడు.”

“మరి నువ్వెందుకయ్యా ఇక్కడ?”

“గేటుకి కాపలా ఉండొద్దూ!”

పళ్లు కొరుక్కుంటూ పరుగు... మెట్లు దిగి... మలుపు తిరిగి...

నాలుగో గేటు! ఊచలు! దీనికీ తాళమే!

ఊచల అవతల... గావ్రిలో!

కొలిమివాళ్ల పెద్ద. సంతలో తన ఎదురుగా మాంసం కొట్టేవాడు. జెండాని నేలమీద పరిచి పెట్రోలు చల్లుతున్నాడు.

“ఆలస్యమైంది స్రేటెనన్నా!”

“ఎదురుకొట్టు వాడివి... సిగ్గులేదురా?”

“సంత సోమవారం. ఇవాళ శనివారం.”

“ఏం కావాలో చెప్పు.”

“బేరమా?” గావ్రిలో నవ్వుతాడు. “మావాళ్లు కర్రలు తెస్తున్నారు. డెబ్బయ్యో నిమిషంలో ఎత్తుతాం. తర్వాత అంటిస్తాం. ఇదిగో, దీంతో!”

నడుంలోంచి పిస్తోలు తీస్తాడు. పడవలు ఆపదలో పేల్చే మంట పిస్తోలు. ఊరించడానికి ఊచల మధ్యనుంచి దాన్ని స్రేటెన్ ముక్కు దాకా చాస్తాడు.

అదే పొరపాటు!

స్రేటెన్ వాడి మణికట్టు దొరకబుచ్చుకుని ఊచకేసి బాదుతాడు. ఒకటి! రెండు! పిస్తోలు ఇవతల పడుతుంది.

అందుకుని గురిపెడతాడు.

అవతలి మెట్ల మీద బూట్ల చప్పుడు. కర్రలు వస్తున్నాయి!

స్రేటెన్ లెక్క వేస్తాడు. గేటు తెరుచుకోదు. జెండా చేతికందదు. పిస్తోల్లో ఒక్క గుండు. వ్యాపారంలో నష్టాలు రెండు రకాలు... ఎదుటివాడు చేసేది, మనం ఒప్పుకునేది. రెండోదాంతో మనిషి బతుకుతాడు.

గావ్రిలో చేతులెత్తుతాడు. “అన్నా... ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు!”

“అయితే గోడకి జరుగు. ఇంకా! ఇంకా జరగరా!”

పిస్తోలు కిందికి వాలుతుంది. గావ్రిలోకి అప్పుడర్థమవుతుంది.

“పిచ్చా నీకు? అది మీ జెండా!”

“మాదే. మీరింకా ఎత్తలేదుగా!”

దెసాంకా ఒక చలికాలమంతా వేళ్లు పొడుచుకుంటూ కుట్టిన తెల్ల అక్షరాలు... సరిగ్గా వాటి నడుమకి...

ఢాం!