సర్టిఫికెట్టులో లేని దేవుడు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురు. పెర్సిస్, ఆమె భర్త నిరంజన్, అత్తగారు పాపమ్మ, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌కని వారం నుంచి కాగితాలు సర్దుకుంటున్న కూతురు షారోన్, పొద్దున్నుంచీ కుర్చీ వదలని పార్టీ పెద్ద సత్తిబాబు, ఆయనకి వత్తాసుగా వచ్చిన రత్నం పాస్టరు గారు. ఇంట్లో లెక్క దేవుడితో కలిపి చెప్పాలని పాపమ్మ ఎప్పుడూ అంటుంది, అలా అయితే ఏడుగురు. కానీ ఆ ఉదయమే యేసుప్రభువు పటాన్ని గోడ మీంచి దింపి బియ్యం డ్రమ్ములో పెట్టేశారు!

కొల్లేటి గట్టున ఉన్న ఆ ఊళ్లో సర్పంచ్ పదవి ఈసారి ఎస్సీ మహిళకు వచ్చింది. ఎస్సీ పేటలోనే పుట్టిపెరిగిన సత్తిబాబే పట్టుబట్టి పెర్సిస్ చేత నామినేషన్ వేయించాడు. పేటలో ఆడవాళ్లు మంచినీళ్ల కోసం మైలు దూరం బిందెలు మోస్తున్నారు, కుళాయి వేయించవచ్చు కదా అన్న ఆశతో ఆమె కూడా సరేనంది. ఇంతలో అవతలి వర్గం అర్జీ పెట్టింది. వీళ్లు క్రైస్తవులు, క్రైస్తవులకు ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదు అని! నిజమే. మూడు తరాలుగా బాప్తిస్మం తీసుకున్న ఇల్లు అది. కాగితంలో మాత్రం హిందువులు. పేటంతా అంతే. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. ఇప్పుడు విచారణకి మండలాఫీసు నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, అదే ఆర్.ఐ., వస్తున్నాడు. సర్టిఫికెట్టు పోతే పదవి ఒక్కటే కాదు, ఎస్సీ కోటాలో షారోన్‌కి రావాల్సిన కాలేజీ సీటు కూడా పోతుంది...

"పెర్సీ, ఆ బొట్టు పెట్టుకోవే తల్లీ! ఆయన వచ్చే వేళయింది," అన్నాడు నిరంజన్, పక్కింటి ఇందుజని అడిగి తెచ్చిన బొట్టుబిళ్లల అట్ట చేత్తో పట్టుకుని.

"ఏవండీ, పెళ్లైన పద్దెనిమిదేళ్లలో నా నుదుటి గురించి మీరు మాట్లాడడం ఇదే మొదటిసారి!"

"అబ్బ, ఎందుకే అమ్మాయ్ అంత రాద్ధాంతం?" అంది పాపమ్మ. ఆవిడ అప్పటికే ఒకటి అంటించుకుంది, అదీ కనుబొమ్మ మీద! "కాస్త దురద పెడుతోంది గానీ చచ్చిపోంలే."

పెర్సిస్‌కి ఒళ్లు మండిపోయింది. పాస్టరు గారి వైపు తిరిగింది. "మీరైనా చెప్పండయ్యగారూ! మొన్న ఆదివారం పుల్పిట్ ఎక్కి, అబద్ధమాడే నోరు ప్రార్థనకి పనికిరాదన్నారే!"

ఆయన కండువా సర్దుకున్నాడు. "అది ఆత్మీయ విషయం, సహోదరీ. ఇది ప్రభుత్వ విషయం. దేవుడు హృదయాన్ని చూస్తాడు."

"అంటే ప్రార్థన గుళ్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడిచినట్టు, గుళ్లోంచి వచ్చేటప్పుడు నిజాన్ని లోపల విడిచి రావాలాండీ?"

"చూశారా! సర్పంచ్ కాకముందే ప్రసంగాలు!" అని సత్తిబాబు నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. షారోన్ మాత్రం తల్లి దగ్గరకొచ్చి, ఒక బిళ్ల తీసి ఆమె నుదుట అంటించింది. కూతురి చంకలో కౌన్సెలింగ్ కాగితాల సంచీ ఉంది! ఆ సంచీ చూసి పెర్సిస్ నోరు మూసుకుంది. సరే... ఈ ఒక్క పూటే కదా... బిడ్డ కోసం కదా... అనుకుంది.

ఆర్.ఐ. అచ్యుతరావు గారు పది గంటలకి వచ్చారు. పెద్దమనిషి. "వందనాలండీ!" అంటూ పాపమ్మ ఎదురెళ్లింది. ఆ చర్చి పలకరింపుకి నిరంజన్ గతుక్కుమని, "నమస్కారమండీ" అని దాన్ని కప్పేశాడు. ఆయన అడిగినవాటికన్నిటికీ నిరంజనే జవాబు చెప్పాడు. చర్చికి వెళ్తారా? లేదండీ. పండగలు? అన్నీ చేస్తామండీ. మరి ఈ పాస్టరు గారు? ఊరికే, తెలిసినాయనండీ. ఒక్కో అబద్ధానికీ పెర్సిస్ బియ్యం డ్రమ్ము వైపు చూసింది.

అప్పుడు షారోన్ టీలు, వేడి గారెలు తెచ్చింది. అచ్యుతరావు గారు గారె తుంచి నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయారు. చుట్టూ అందరూ కళ్లు మూసుకుని తలలు వంచి ఉన్నారు! నిరంజన్, పాపమ్మ, పాస్టరు గారు, టీ గ్లాసు పట్టుకున్న సత్తిబాబుతో సహా! చిన్నప్పటి నుంచి ముద్ద ముందు స్తోత్రం చెప్పకుండా తిని ఎరగని మనుషులు, పాపం! పైగా పాపమ్మ, "...ఆమెన్!" అని గట్టిగా ముగించి, కళ్లు తెరిచి, "అయ్యో నా తండ్రీ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన గారె మళ్లీ పళ్లెంలో పెట్టేశారు. మెల్లగా, "నేనేం చూడలేదమ్మా," అన్నారు పెర్సిస్‌తో. "మీకూ పిల్ల ఉంది, నాకూ ఉంది. సర్టిఫికెట్టు మీ పేరు మీదే ఉంది కనుక వాంగ్మూలం మీరే ఇవ్వాలి. మేము క్రైస్తవులం కాము అని రాసుకొచ్చాను. సంతకం పెట్టండి, చాలు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పెన్ను ఆమె చేతిలోకి వచ్చింది. ఎంత మంచివాడీయన! చెడ్డవాడైనా బాగుండేది... ఆ కాగితం మీద రెండే వరసలు. ఆరేళ్ల షారోన్‌కి మెదడువాపు వచ్చి తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్న మూడు రోజులూ, ఆ నేల మీద మోకాళ్లూని ఎవరిని పిలిచింది తను? ఆ ప్రభువెవరో నాకు తెలియదు అని ఇప్పుడు ఈ చేత్తోనే రాయాలా!

"రాయలేనండీ..." పెన్ను తిరిగి ఆయన చేతికిచ్చేసింది. "నేను క్రైస్తవురాలినండీ. చర్చికి వెళ్తే కులం పోయిందంటారు, అదే ఊళ్లో కులం వల్ల బావి దగ్గర నన్ను దూరంగా నిలబెడతారు. రెండూ నిజమేనండీ! రెండూ రాసే కాగితం మీ దగ్గరుంటే ఇవ్వండి, సంతకం పెడతాను."

"అటువంటి కాగితం లేదమ్మా..." అని అచ్యుతరావు గారు లేచారు. గారె అలాగే ఉండిపోయింది.

తర్వాత ఇల్లంతా ఆమె మీద పడింది. "పేట నోట్లో మన్ను కొట్టావమ్మా!" అన్నాడు సత్తిబాబు. నీకు ఒక్కదానికేనా దేవుడున్నది అన్నాడు నిరంజన్. పాస్టరు గారు వెళ్తూ, "తొందరపడ్డావు సహోదరీ" అన్నారు. పెర్సిస్‌కి ఏడుపుకి బదులు విసుగు ముంచుకొచ్చింది. ఇన్ని నోళ్లు! ఆ ఆర్.ఐ. ముందు ఒక్కటీ నిజం పలకలేదేం! విసురుగా బొట్టు పీకి పారేసి, కూతురి కోసం చూసింది.

షారోన్ గది గుమ్మంలో నిలబడి ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"షారూ... నువ్వైనా అర్థం చేసుకోమ్మా..."

"అర్థమైందమ్మా. నువ్వు అబద్ధం ఆడలేవు. మంచిదే." ఆ పిల్ల గొంతు అంత మెత్తగా ఎప్పుడూ వినలేదు. "కానీ ఆ కాగితంలో నా చదువు కూడా ఉంది కదా. సంతకం పెట్టనని చెప్పే ముందు... నా వైపు ఒక్కసారి చూశావా?"

పెర్సిస్ గుర్తు చేసుకుంది. చూడలేదు. నిజంగానే చూడలేదు! ఇవాళ ఇంకొక్క అబద్ధం ఆడితే సరిపోయేది, చూశానమ్మా అంటే సరిపోయేది...

"చూడలేదు," అంది.

షారోన్ తలూపింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, లోపల గడియ పెట్టుకుంది.