కూత ఆగిన చోట

ఆకుపచ్చ కార్డు చూపించి ప్రేమ మొదలుపెట్టిన ఆడపిల్ల శంషాబాద్ మండలం మొత్తం మీద మంజుల ఒక్కతే అయి ఉంటుంది. ఆ మాట ఆమె ముందు అంటే ఒప్పుకోదు. అది ప్రేమ కాదు, వార్నింగ్ అంటుంది.

ఆ సాయంత్రం కొండల్ టీ తాగుదామని రేడియో స్టూడియో మెట్లు దిగుతుంటే ఆమె ఎదురొచ్చింది. తెల్ల టీషర్టు, మెడలో విజిల్, చేతిలో అతను రాసిన నవల. జేబులోంచి కార్డు తీసి సరిగ్గా అతని ముక్కు ముందు నిలబెట్టింది.

"ఏందండీ ఇది?"

"గ్రీన్ కార్డు. కబడ్డీల మొదటి తప్పుకు ఇస్తరు. అన్నేండ్లు స్పోర్ట్స్ కాలమ్ రాసినోళ్లకు గది గూడ నేనే చెప్పాల్నా?"

"తెలుసు. ఇంతకూ నేనేం తప్పు చేసిన?"

ఆమె పుస్తకం తెరిచి, బళ్లో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. "జనంలో అతని కళ్లు కనబడగానే ఆమె ఒక్క నిట్టూర్పు విడిచింది. మరుక్షణం ఇద్దరిని తాకి గీత దాటి వచ్చేసింది." పుస్తకం మూసింది. "నిట్టూర్చిందంటే కూత ఆగినట్టే గద సార్? కూత ఆగినంక పాయింట్లు ఎట్లిచ్చిండ్రు? మీ నవలల రెఫరీ పండుకున్నడా?"

కొండల్ పుస్తకం అందుకుని ఆ పేజీ మళ్లీ చదువుకున్నాడు. కబడ్డీ కబడ్డీ అంటూ కూతకు వెళ్లినవాళ్లు గుక్క తిప్పుకుంటే అవుట్ అని చడ్డీలేసుకునే పిల్లలకు కూడా తెలుసు. అతనికి తెలియక కాదు. ఆ పేజీ రాస్తున్నప్పుడు తన హీరోయిన్ మీద తనకే మనసు పడి, రూలు పుస్తకం గాలికి పోయింది.

కొండల్‌ది చిత్రమైన ప్రయాణం. ఒక పేపర్లో 'గీత బయట' అని ఆటల మీద కాలమ్ రాసేవాడు. ఆ పేపరు వాళ్లు ఆటల పేజీ కుదించి, అతని చోటులో బనియన్ల ప్రకటన వేసుకున్నారు. ఆ కోపంతో ఇంట్లో కూర్చుని నవల రాశాడు. నవల బాగుందన్న రేడియో వాళ్లు, గొంతు ఇంకా బాగుందని అతన్నే రోజూ సాయంత్రం చదవమన్నారు. చుట్టుపక్కల ఏ ఊళ్లో టోర్నమెంటు జరిగినా కామెంట్రీ కూడా అతనిదే. అంతా ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి, విమానం నెత్తి మీద నుంచి పోయినప్పుడల్లా ఆగి, అది పోయాక మళ్లీ అందుకునేవాడు. శ్రోతలకు అది అలవాటైపోయింది. రేడియో మూగబోతే జనం ఆకాశం వైపు చూసేవాళ్లు.

"ఆ సీను రేడియోల వచ్చేలోపు మార్చాలె. అవుట్ ఇయ్యాలె," అంది మంజుల.

"అది లవ్ సీన్ మేడం."

"లవ్ అయితే రూల్స్ ఉండవా? అసలు ఏ ఆడపిల్లా మొగోని మొహం చూసి కూత ఆపదు. నేను ఆడిన, ఇప్పుడు రెఫరీ చేస్తున్న. నాకు తెల్వదా?"

"ఆగుతది."

"ఆగది. ఒక్క ప్లేయర్ని చూపియ్యి, నువ్వేదడిగితే అది ఇస్త!"

మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరూ గమనించారు. ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ వచ్చేది. తప్పులు పట్టడానికి అని చెప్పేది. ఎక్కువ వాగితే పసుపు కార్డు చూపించేది. అంటే రెండు నిమిషాలు మాట్లాడకూడదు. ఆ రెండు నిమిషాలూ కొండల్ ఆమెనే చూస్తూ కూర్చునేవాడు. కావాలనే ఎక్కువ వాగుతున్నాడని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. తెలిశాక కూడా కార్డు చూపించడం మానలేదు.

ఒక రోజు జోరుగా వాన పట్టుకుంది. స్టూడియో చూరు కింద ఇద్దరికీ చాలీచాలని చోటు. ఆమె భుజం సగం తడుస్తోంది. ఈ పిల్ల లేకుండా తనకు ఒక్క సాయంత్రం కూడా గడవదని కొండల్‌కు స్పష్టంగా తెలిసిపోయింది.

"మంజులా, నీకొకటి చెప్పాలె..."

విమానం వచ్చింది. కొండల్ అలవాటుగా ఆగాడు.

"పోయింది. చెప్పు," అందామె.

"వాన... తగ్గేటట్టుంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసి, వానలోనే బండి స్టార్ట్ చేసుకుని పోయింది.

ఆ వారమే మంజుల తండ్రి ముత్తయ్య స్టూడియోకి వచ్చాడు. పాల్మాకులలో ఆయనంతటి కబడ్డీ పిచ్చోడు లేడు. కొండల్ రాసిన కాలమ్‌లన్నీ కత్తిరించి దాచుకున్న మనిషి.

"కొండలూ, ఆదివారం మా ఇంటికి రావాలె. మంజులను చూస్తందుకు వస్తున్నరు. పిల్లగాని పేరు నవీన్‌కుమార్. మంచోడే. మా దిక్కు నుంచి మాట్లాడెటోడు లేడు. నీ అంత మంచిగ ఎవరు చెప్తరు? మా బిడ్డ గురించి జర నాలుగు మాటలు చెప్పు."

కొండల్ ఆయనకు కుర్చీ జరిపాడు. రానని చెప్పడానికి కారణం కావాలి. ఉన్న ఒక్క కారణమూ ముత్తయ్యతో చెప్పే ధైర్యం లేదు. సరేనని తలూపాడు.

ఆదివారం పొద్దున పాల్మాకుల మైదానంలో పాత క్రీడాకారిణులకూ ఇప్పటి అమ్మాయిలకూ సరదా మ్యాచ్. మంజుల విజిల్ పక్కన పెట్టి పాత జట్టు తరఫున దిగింది. కొండల్ కామెంట్రీ బల్ల దగ్గర వైర్లు సర్దుకుంటుంటే, షూ లేసులు కట్టుకునే నెపంతో వచ్చింది.

"సాయంత్రం మా ఇంటికి వస్తున్నవంట?"

"మీ బాపు పిలిచిండు."

"వచ్చి ఏం చెప్తవు?"

"నీ ఆట గురించి."

"గంతేనా?"

దూరంగా విమానం చప్పుడు వినిపించింది. కొండల్ ప్రాణం లేచి వచ్చినట్టు దాని వైపు చూశాడు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఎప్పుడూ గీత బయట కూసొని అందరి ఆటలూ చెప్తవు. నీ ఆట నువ్వెప్పుడు ఆడతవ్ కొండల్?" అని జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

మ్యాచ్ రసవత్తరంగా నడిచింది. ముత్తయ్య గీత పక్కనే కుర్చీ వేసుకుని చెవికి రేడియో ఆనించుకున్నాడు. ఎదురుగా ఆట కనబడుతున్నా కొండల్ చెబితే తప్ప ఆయనకు నమ్మకం కుదరదు.

చివరి కూత. పాత జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది.

"మంజుల కూతకు బయల్దేరింది," కొండల్ గొంతు ఊరంతా మోగింది. "నెమ్మదిగా ఎడమ వైపు కదులుతోంది. ఎదుటి వాళ్లు చేతులు పట్టుకుని గొలుసు కట్టారు. చూడండి, ఆ కళ్లలో భయం లేదు. ఈ అమ్మాయి..."

ఈ మాటలే సాయంత్రం ఇంకొకడి ముందు కూర్చుని చెప్పాలి. అది తట్టగానే కామెంట్రీ అక్కడే ఆగిపోయింది.

మైకులు మూగబోయాయి. మైదానంలో మంజుల కూత ఒక్కటే వినిపిస్తోంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. ఎదుటి జట్టు మధ్యలో ఉండగానే ఆ నిశ్శబ్దం ఆమెను తాకింది. తల తిప్పి బల్ల వైపు చూసింది. కొండల్ మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ల నిండా నీళ్లు.

కూత ఆగింది. ఒక్క క్షణమే. ఆ రోజు రెఫరీగా ఉన్నావిడ విజిల్ వేసి అవుట్ ఇచ్చింది.

ముత్తయ్య రేడియోను రెండు తట్లు తట్టాడు. తలెత్తి ఆకాశం చూశాడు. విమానం కాదు గదా, ఒక్క పిట్ట కూడా లేదు. బల్ల వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. మళ్లీ బల్ల వైపు చూశాడు.

మంజుల గీత దాటి నేరుగా కామెంట్రీ బల్ల దగ్గరికొచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది.

"ఆ సీను మార్చు. అవుట్ అని రాయి."

"మరి నిట్టూర్పు?"

"ఉండనియ్." తల దించుకుంది. "పందెం గెలిచినవు. ఏం కావాల్నో అడుగు. జల్ది అడుగు, మళ్ల విమానం వస్తది."

కొండల్ చేతిలోని మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అతను చూశాడు. చూసి కూడా ఆపలేదు.

"నువ్వంటే నాకు పాణం. సాయంత్రం మీ ఇంటికి నీ గురించి చెప్పెటందుకు రాను. నిన్ను అడిగెటందుకు..."

అన్నట్టుగానే విమానం వచ్చింది. నెత్తి మీద నుంచి ఉరుముతూ పోయి చివరి మాట మింగేసింది. మంజుల నవ్వు ఆపుకోలేకపోయింది. అటు నుంచి ముత్తయ్య కుర్చీలోంచి లేచాడు.

"కొండలూ! ఆఖరి మాట ఇనబడలే! మళ్ల చెప్పు!"

కొండల్ గట్టిగా ఊపిరి పీల్చుకుని, కూతకు బయల్దేరినవాడిలా ఒకే గుక్కలో చెప్పేశాడు. "మీ బిడ్డను నాకియ్యమని అడిగెటందుకు వస్తున్న బాపూ, మీకు ఇష్టమైతే, ఆమెకిష్టమైతే!"

ఊరంతా మంజుల వైపు తిరిగింది. ఆమె మైకు లాక్కుంది.

"వచ్చేటప్పుడు మీ అమ్మను గూడ తోల్కరా," అని మైకు ఆపేసింది.

ముత్తయ్య రేడియో కట్టేసి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. నవీన్‌కుమార్ వాళ్లకు ఫోన్ చేసి దండం పెట్టి చెప్పుకుంటే సరిపోతుంది, మంచివాళ్లు, అర్థం చేసుకుంటారు. ఆయన దిగులు వేరే.

"అంత మంచిగనే ఉన్నది గని," అన్నాడు పక్కవాడితో, "నా దిక్కు నుంచి మాట్లాడెటోడే పిల్లగాడై కూసునె. ఇగ సాయంత్రం దాక ఇంకో మాటకారిని నేను యాడికెల్లి తేవాలె?"