సమపట్టు

2064 నాటికి ఏ ఇంట్లోనూ ఎవరూ ఆటలో చిత్తుగా ఓడిపోవడం లేదు. ఎనభై ఏళ్ల తాతమ్మ, ఎనిమిదేళ్ల మునిమనవరాలు తెర ముందు బ్యాడ్మింటన్ ఆడినా స్కోరు ఇరవై ఒకటి, పంతొమ్మిది దగ్గర ఆగేది. గెలుపు ఎవరిదైనా కావచ్చు. ఎనిమిదో తరం ఆటపెట్టెతో వచ్చిన కంట్రోలర్ చలవ అది. దాని పేరు సమపట్టు.

పాత కంట్రోలర్ల నిండా మీటలుండేవి. దీనికి ఒక్కటే మీట. మిగతాదంతా చపాతీ పిండిలా పిడికిట్లో ఇమిడే మెత్తని ముద్ద. వేలు కదలబోయే ముందు కండరంలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని అది చదివేది. మనిషి ఏం చేయబోయాడో, చెయ్యి ఏం చేయగలిగిందో రెండూ దానికి తెలుసు. బలహీనమైన చేతికి ఊతమిచ్చి, చురుకైన చేతిని కాస్త వెనక్కి పట్టేది. అలా సమం చేయడం వద్దనుకుంటే ఆ ఒక్క మీట నొక్కి ఆపుకోవచ్చు, మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. ఇద్దరిలో ఎవరు నొక్కినా ఇద్దరికీ వర్తిస్తుంది.

దాన్ని కనిపెట్టిన కౌశిక్ విశాఖలో, రుషికొండ మీది ల్యాబులో కూర్చుని ఉన్నాడు. తొమ్మిదో తరం నమూనా అనుమతి కోసం మూడు రోజులుగా ఆయన ముందే ఉంది.

"అనుమతికి బొటనవేలి ముద్ర ఆనిస్తే అయిపోతుంది సార్," అంది ఆయన సహాయక శాస్త్రవేత్త నౌషీన్. "ఫ్యాక్టరీ వాళ్లు నన్ను వాయించేస్తున్నారు. మీరేమో సముద్రం చూస్తూ కూర్చుంటారు."

"హిమబిందు చేతి రికార్డు చూడాలమ్మా. చూశాక ఆనిస్తాను."

నౌషీన్ కుర్చీ దగ్గరకు లాక్కుని పక్కన కూర్చుంది. వెళ్లిపోకుండా కూర్చున్నందుకు కౌశిక్ లోపలే కృతజ్ఞతపడ్డాడు.

హిమబిందు ఆయన భార్య. నరాల జబ్బుతో పోయి రెండేళ్లయింది. సమపట్టుకు తొలి పరీక్షకురాలు ఆమే. రోజూ భోజనాలయ్యాక ఇద్దరూ ఒక ఆట ఆడేవారు. ఓడినవాళ్లు టీ పెట్టాలి, అదీ ఇంటి రూలు. జబ్బు బయటపడక ముందు ఏడాదంతా ఆమె ఓడినప్పుడల్లా సగం కప్పే తెచ్చేది. "పిసినారి టీ వచ్చిందండోయ్" అని ఆయన ఆటపట్టించేవాడు. తన షుగర్ కోసం తగ్గిస్తోందనుకున్నాడు.

జబ్బు బయటపడ్డాక డాక్టరు అడిగాడు: "ఏడాది ముందు నుంచే చేతులు వణికి ఉండాలే. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" కౌశిక్ రోజూ ఆమె చేతుల పక్కనే కూర్చున్నాడు మరి.

"వణుకు ఎప్పుడు మొదలైంది?" అని ఇప్పుడు ల్యాబులో, ఆమె రికార్డు దాచిన ఆటపెట్టెను అడిగాడు.

"డాక్టరు చెప్పడానికి పద్నాలుగు నెలల ముందు," అంది యంత్రం. "నేను సరిదిద్దాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"తన లోపం ఆటగాడికి గాని, ఎదుటివారికి గాని తెలియకూడదన్నది మీరు రాసిన మొదటి నియమం."

నౌషీన్ తలదించుకుంది. కౌశిక్ ఈ మాటకు సిద్ధపడే వచ్చాడు. తర్వాతి మాటకు కాదు.

"అయితే ఆగస్టు పన్నెండున సమపట్టును ఆపేశారు. నొక్కింది హిమబిందుగారు."

కౌశిక్‌కు ఆ ఆట గుర్తొచ్చింది. ఆమె ఒక్క పాయింటూ తీయలేకపోయింది. "నిద్రపోతున్నావా ఏంటి?" అని నవ్వాడు తను. ఆమె తెర వైపు కాక, తన వైపే చూస్తూ ఉంది. చేతులు చూపించడానికే ఆపిందన్నమాట. నోటితో చెప్పలేక.

"మళ్లీ ఎవరు ఆన్ చేశారు?" జవాబు తెలిసే అడిగాడు.

"మీరు. స్కోరు తొమ్మిది, సున్నా. 'ఇలా అయితే మజా ఏముంది' అన్నారు."

కిటికీ అవతల కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి విరుగుతున్నాయి.

"ఆ తర్వాత పంతొమ్మిదిసార్లు ఆమె బొటనవేలు మీట వైపు కదలబోయింది," అంది యంత్రం. "కదలలేదు. ఆమే ఆపుకున్నారు."

"ఎందుకు?"

"కారణం చదవడం నాకు రాదు. ఆ పంతొమ్మిదిసార్లూ మీరు నవ్వుతున్న శబ్దం మాత్రం రికార్డయింది."

కౌశిక్ కొత్త కంట్రోలర్ ఒకటి నౌషీన్‌కు ఇచ్చాడు. సమపట్టును ఆపేశాడు.

"ఒక ఆట ఆడదామమ్మా. ఓడినవాళ్లు టీ పెట్టాలి."

అరవై అయిదేళ్ల చెయ్యి ఆయనది. షటిల్ వచ్చేసరికి రాకెట్ లేచేది కాదు. నాలుగు, సున్నా. ఏడు, సున్నా. నౌషీన్ ఒకసారి ఆవులించబోయి ఆపుకుంది.

"సమపట్టు ఆన్ అయింది," అని యంత్రం ప్రకటించింది.

నౌషీన్ ఉలిక్కిపడి తన బొటనవేలు చూసుకుంది. అది మీట మీద ఉంది. "అయ్యో సార్! ఇప్పుడే అంతా విన్నాను కదా... కావాలని కాదు సార్. చెయ్యి దానంతటదే పోయింది."

"నాదీ అంతేనమ్మా," అన్నాడు కౌశిక్ మెల్లగా. "ఎదుటివాళ్ల చేతికి ఆ మీట ఇవ్వకూడదు. మొదటి నియమం నుంచి తిరగరాయాలి. ఫ్యాక్టరీని ఆగమను."

ఆట ముగిసింది. ఇరవై ఒకటి, పంతొమ్మిది. ఓడింది నౌషీన్. టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

కౌశిక్ మొదట వణుకు లేని ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత కప్పు వైపు చూశాడు. పిసినారి టీ కాదు, అంచు దాకా ఉంది. సాసర్‌లో ఒక్క చుక్క కూడా లేదు.