తల్లి హద్దు

సూరీడమ్మ రక్తపింజరను కొక్కెంతో వెల్లకిలా తిప్పి, పెట్టెలో వేడి మరో అర డిగ్రీ పెంచింది. పాము మెల్లగా బోర్లా తిరిగింది. ఏ వేడి దగ్గర అది తిరగలేక అలాగే ఉండిపోతుందో, అదే దాని తాపహద్దు. వెంటనే చల్లటి పెట్టెలోకి మార్చకపోతే చస్తుంది. పాడేరు సర్పతాపశాలలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే.

మన్యం పింజర నలభై డిగ్రీల దగ్గరే, చేతులు లేకపోయినా, చేతులెత్తేస్తుంది. అదే జాతి పాము గుత్తి రాళ్లలో పుడితే నలభై నాలుగు దాకా ఓర్చుకుంటుంది. ఆ ఓర్పును పట్టి మనుషుల కోసం చేసిందే తాపసత్వం. ఏడాదికో సూది. దాని పుణ్యమా అని గుత్తి సౌరక్షేత్రాల్లో జనం యాభై డిగ్రీల ఎండలో నెత్తిన గుడ్డయినా లేకుండా పని చేస్తున్నారు. కాకపోతే చల్లగాలి పడదు. ముప్పై ఎనిమిది కంటే దిగితే, చలికి పాములు బిగుసుకున్నట్టు, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి.

సూరీడమ్మ కూతురు పైడితల్లి పదేళ్లుగా ఆ సూది మీదే గుత్తిలో పని చేస్తోంది. పాడేరు చలికి జడిసి ఆ పదేళ్లూ పుట్టింటి గడప తొక్కలేదు. తొలి పురుడు మాత్రం పుట్టింటనే జరగాలని సూరీడమ్మ పట్టుబట్టింది. గుత్తి పాముల్ని పెట్టే వేడిగదిని ఖాళీ చేయించి, కడిగించి, సున్నం వేయించి, మంచం వేసింది. ఆ మధ్యాహ్నమే వేడిబండిలో కూతురు దిగింది.

"పాముల గదిలో పురుడేటమ్మా? నలుగురూ నవ్వుతారు," అంది పైడితల్లి.

"నవ్వనీ. నా కళ్లెదర ఉంటావు. నాకదే సాలు."

"మరి పిల్లకి ఈ వేడి పడతాదా?"

సూరీడమ్మ తడుముకోలేదు. "పింజర పిల్లకి తల్లి హద్దే వస్తాది. వంద పిల్లల్ని కొలిసి రాసినాను నేను."

నిజమే. పోయినేడు దాకా పిల్లలు కావాలనుకున్నవాళ్లు మూడేళ్లు ముందే సూది మానాల్సివచ్చేది. మందు ఒంట్లోంచి దిగడానికి అంత కాలం పడుతుంది. సూరీడమ్మ రాసిన ఆ ఒక్క వాక్యం చూసి సౌరక్షేత్రాల పెద్దలు ఆ నిబంధన ఎత్తేశారు. పింజర వేరు, పైడితల్లి వేరు అని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత తొలి కాన్పు ఇదే.

నాలుగో రోజు ఉదయం ఆడపిల్ల పుట్టింది. తల్లి రొమ్ము మీద పడుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఏడుపు పలచబడింది. ఒళ్లు ఎర్రబడి, మెడ వాలిపోయింది. అలా వాలిపోవడం సూరీడమ్మ పాముల్లో కొన్ని వేలసార్లు చూసింది. పిల్లను లాక్కుని బయటి గదిలోకి పరుగెత్తి తడిగుడ్డ చుట్టింది. గాలి తగిలాక పసిది గుక్కపట్టి ఏడ్చింది.

పాముకు హద్దు పుట్టుకతో వస్తుందనీ, సూదితో వచ్చినది ఆ మనిషితోనే ఆగిపోతుందనీ పురుడు పోసిన డాక్టరమ్మ చెప్పింది. పిల్ల ఉన్నచోట ముప్పై నాలుగు దాటకూడదు. తల్లి ముప్పై ఎనిమిది కంటే దిగలేదు. మధ్యలో నాలుగు డిగ్రీలు. ఇవాళే సూది మానేసినా మూడేళ్లు.

పాములకు ఎలకల్ని పంపే చిన్న తలుపులోంచి ఇప్పుడు పాలగిన్నె బయటికి వస్తోంది. పురుడైన మూడో రోజు పిల్ల ఏడుపు వినలేక పైడితల్లి తలుపు తీసుకుని వచ్చేసింది. నాలుగడుగులకే మోకాళ్లు బిగిసి పడిపోయింది. ఉయ్యాల ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. సూరీడమ్మ కూతుర్ని లోపలికి ఈడ్చుకెళ్లి, మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కూలబడింది.

"నా సేతిరాతే నీ తలరాతయిపోనాదమ్మా," అని ఏడ్చింది.

కాళ్లూ చేతులూ సాగాక పైడితల్లి కొంగుతో తల్లి కళ్లు తుడిచింది. తిట్టి ఉంటే సూరీడమ్మకు కాస్త తేలికయ్యేది.

ఆ సాయంత్రం స్నానం చేయించిన పిల్లను ఎత్తుకుని సూరీడమ్మ వేడిగది కిటికీ అద్దం దగ్గరికి వచ్చింది. లోపల పైడితల్లి అద్దానికి నుదురు ఆనించి చూసింది. తర్వాత వంగి, చిన్న తలుపు తీసి అడిగింది.

"అమ్మా, దాని మాడు వాసన ఎలగుంటాదో సెప్పవా?"

సూరీడమ్మ పసిదాని మాడు మీద ముక్కు ఆనించింది. ప్రతి పాము హద్దునూ అర డిగ్రీ తేడా రాకుండా రాసిన మనిషి మరోసారి పీల్చి చూసింది.

"నువ్వు పుట్టినప్పుడు ఇలగే ఉండీది," అంది.

"అది నాకు తెల్దు గదమ్మా," అంది పైడితల్లి.