లాభం, రెండు…

కొట్టు బావకు ధైర్యం లేదని ఎవరూ అనలేరు. దాన్ని వాడే అవసరం రాక కొత్తదానిలా దాచుకున్నాడంతే. ధాన్యం కొట్లో ముప్పై ఏళ్లు కూర్చుని కొలిచిన మనిషి వీపున సంచీ వేసుకుని కొండెక్కాడంటే దానికి కారణం బావమరిది. బళ్లో లెక్కలు చెప్పే ఆ మాస్టారు, నీ పొట్టకి కొండే మందు బావా అని బయలుదేరదీశాడు.

రెండో రోజు కనుమ కింద, మంచు మీద గుడారం వేశారు. వేసిన గంటకే పొగమంచు కమ్మేసింది. చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. అది విడిచేదాకా కదలడానికి లేదు. వాగులన్నీ గడ్డకట్టాయి, మంచు కరిగిస్తేనే నీళ్లు. కరిగించడానికి ఉన్నది గుప్పెట్లో పట్టే స్టవ్వు, దాని కింద బిగించిన చిన్న గ్యాస్ డబ్బా. అది అయిపోతే గొంతు తడవదు. పొదుపుగా వాడితే నాలుగు రోజులొస్తుందని మాస్టారు లెక్క కట్టాడు.

మంచు కొలిచే పని బావది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారు కదా. కొట్లో మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. ఇక్కడా గుడారం గుమ్మంలో చతికిలబడి, గ్లాసు నిండా మంచు కూరి గిన్నెలో పోస్తూ, "లాభం... రెండు" అనేవాడు. మనిషికో గ్లాసు. లాభం అంకె కాదు బావా అని, లోపల దుప్పట్లో అటు తిరిగి పడుకునే మాస్టారు ఏడిపించేవాడు.

మర్నాడు మధ్యాహ్నం బావ డబ్బాని అరచేతిలో పెట్టి చూశాడు. ఆ అరచెయ్యి తక్కెడకంటే నిక్కచ్చి. ఉండాల్సిన బరువులో సగం లేదు.

గుడారంలో ఉన్నది ఇద్దరు. తను కాదు. ఇక మిగిలింది మాస్టారు, అసలే టీ పిచ్చోడు. తను కన్ను మూసినప్పుడల్లా కాచుకు తాగుతున్నాడన్నమాట! బావ పైకేమీ అనకుండా, దొంగని పట్టడానికి నిద్ర నటించాడు. ఆ నటనకి వంక పెట్టలేం, రెండు నిమిషాల్లో నిజమైపోయింది.

మెలకువ వచ్చేసరికి మాస్టారు తననే చూస్తున్నాడు, దొంగని చూసినట్టు.

"డబ్బా తేలికైంది," అన్నాడు బావ.

"అవదా మరి? ఇద్దరికి మూడు గ్లాసులు కాస్తుంటే."

"మూడెక్కడివిరా? నేను పోసేది రెండేగా."

"నిన్నట్నుంచీ వింటూనే ఉన్నాను బావా. లాభం అంటావు, రెండు అంటావు. కాస్త ఆగి, నెమ్మదిగా మూడు అంటావు. ఆ మూడోది చాటుగా నువ్వే తాగుతున్నావని..."

"నేను రెండు దాటి ఎప్పుడూ అనలేదురా," అన్నాడు బావ. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ గుమ్మం వైపు చూశారు.

కాలిన గ్యాస్ వాసన. దాని వెనక తడిసిన ఉన్ని వాసన... పాతది, మాగింది. ఇద్దరి దగ్గరా ఉన్నిబట్ట ఒక్కటీ లేదు.

"ఇప్పుడు కొలువు. నేను చూస్తాను," గుసగుసగా అన్నాడు మాస్టారు.

బావ మంచు ఎత్తాడు. "లాభం." పోశాడు. "రెండు." పోశాడు. గ్లాసు బోర్లించి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

ఏమీ లేదు...

పొగమంచులో మంచు కరకరలాడింది. ఒక అడుగు... ఇంకొకటి...

"మూడు."

బావ గొంతే. నోరు మూసుకుని కూర్చున్న బావ గొంతు. వాళ్లు చూస్తుండగానే గిన్నెలో మంచు ఒక గ్లాసెత్తు పెరిగింది.

మాస్టారు సర్రున గుమ్మం జిప్పు లాగి మూసేశాడు. ఇద్దరూ లోపలికి జరిగి, చెరో గోడకీ అతుక్కున్నారు.

బయటే ఉండిపోయిన స్టవ్వు బుస్సుమంది. అగ్గిపెట్టె బావ జేబులో ఉంది.

గ్యాస్ కాలిపోతోంది. ఆర్పకపోతే రేపటికి నీళ్లుండవు. ఆర్పాలంటే జిప్పు తియ్యాలి. బావ చెయ్యి సగం దాకా వెళ్లి ఆగింది.

గుడారం గుడ్డ లోపలికి నొక్కుకుని అతని భుజాన్ని తాకింది. బరువు చూస్తున్న అరచెయ్యిలా.

"లాభం."

స్టవ్వు మంట సన్నబడింది. అవతలి గోడ నొక్కుకుంది, మాస్టారు వీపు మీద.

"రెండు."

"ఇక ఆగుతుంది బావా," పెదవులు మాత్రమే కదిపాడు మాస్టారు. "ఉన్నది ఇద్దరమే కదా..."

స్టవ్వు ఆరిపోయింది. కాస్త ఆగి, నెమ్మదిగా...

"మూడు."

ఈసారి బయటి నుంచి కాదు. ఇద్దరి మధ్యా ఖాళీగా ఉన్న దుప్పట్లోంచి.